చప్పట్లు కొట్టే మావయ్యగారితో హంసలదీవి పిట్టల దగ్గరికి

మే నెల నడిమధ్యలో, కాయ కోత జోరుమీదున్నప్పుడు, నూజివీడు ఇంటి కోడలు తోట వదిలేసి పిట్టల్ని చూడ్డానికి వెళ్తానంటే ఏమనుకుంటారు? ఎండ దెబ్బ తగిలిందనుకుంటారు. మా ఇంట్లోనూ అదే అనుకున్నారు. కానీ ఏం చేయను, కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నెల మీద చిన్న టెర్న్ గుడ్లు పెట్టేది సరిగ్గా ఈ ఎండల్లోనే. తెల్లటి ఒళ్ళు, నల్లటి టోపీ, పసుపుపచ్చ ముక్కు, మొత్తం కలిపి గుప్పెడంత పక్షి. గూడు కట్టే ఓపిక దానికి లేదు. ఉత్త ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెట్టేస్తుంది. కాలేజీ లైబ్రరీలో ఏడాది పొడుగునా పుస్తకాలు సర్దుకునే నాకు, ఆ పిట్టను గుడ్ల మీద కూర్చుని ఉండగా చూడాలని చాలా ఏళ్ళుగా ఉంది. మీలో ఎవరికైనా అలాంటి కోరిక ఉంటే దారీ, ఖర్చూ, జాగ్రత్తలూ అన్నీ రాస్తున్నాను. మధ్యలో మా ఇంటి గొడవ కూడా వస్తుంది, భరించాలి.

ఎందుకంటే నిజం చెప్పాలంటే, ఈసారి నేను బయలుదేరింది ఒక చెట్టు కోసం. ఆగిరిపల్లి దగ్గర మా మామిడి తోటలో గట్టు మీద ఒక నాటు చెట్టు ఉంది. దాని కాయ ఎంత పులుపంటే ఇంట్లో అందరం దాన్ని పుల్లమ్మ చెట్టు అంటాం. ఒకప్పుడు అత్తయ్య ఆవకాయంతా ఆ కాయతోనే పట్టేదట. ఇప్పుడు కాపు తగ్గింది, మాను డొల్లయింది, ఆ తొర్రలో చిలకలు కాపురం పెట్టాయి. ఏటా పిల్లల్ని లేపుతాయి. నాకు తోటకెళ్తే ముందు ఆ తొర్ర దగ్గర కాసేపు నిలబడకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. మా మావయ్యగారికేమో ఆ తొర్ర చూస్తే ఒళ్ళు మండిపోతుంది. చిలక కాయను పూర్తిగా తిని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఒక్క కొరుకు కొరికి కింద పడేసి పక్క కాయ మీదికి పోతుంది. ముక్కు పడ్డ రసం కాయ ఇక మార్కెట్‌కు పనికిరాదు. "శత్రువులకి ఇల్లు కట్టించి మన కాయ తినండి బాబూ అని పిలిచినట్టుంది మన యవ్వారం," అంటారు ఆయన. చెట్టు మొదలంటా కొట్టించేయడానికి కోత రంపం రాంబాబుతో మాట్లాడేశారు. సోమవారం వస్తానన్నాడు అతను.

మావయ్యగారి గురించి ఒక్క మాట చెప్పాలి. డెబ్బై దాటినా మనిషి టేకు దుంగలా ఉంటారు. పెళ్ళయిన ఏడాది వేసిన తోటని ఇప్పటిదాకా చిలకల నుంచి, కాకుల నుంచి కాపాడుకుంటూ వచ్చింది ప్రధానంగా ఆయన అరుపూ, ఆయన చప్పట్లే. మా తోటల్లో పిట్టల గుంపు వాలుతుందనగానే డబ్బా కొట్టడమో, చప్పట్లు కొట్టి అరవడమో కాపలా మనిషి చేసే మొదటి పని. ఆయన చేతుల మోత పక్క తోట దాకా వినిపిస్తుంది. మధ్యాహ్నం ఇంట్లో నిద్రపోతున్నప్పుడు పెరట్లో చిలక కూసిందంటే, కళ్ళు తెరవకుండానే రెండు చప్పట్లు కొట్టి అటు తిరిగి పడుకుంటారు. అలాంటి మనిషితో నేను నెల రోజుల పాటు పుల్లమ్మ చెట్టు గురించి పోట్లాడాను. చివరికి అత్తయ్య విసిగిపోయి, "ఏదో ఒకటి తేల్చుకోండి ఇద్దరూ, నా చెవులు పోతున్నాయి," అంది.

తేల్చుకున్నాం. ఆదివారం ఆయన నాతో హంసలదీవి వచ్చి నేను చూపించే పిట్టల్ని చూడాలి. చూశాక కూడా చెట్టు కొట్టేయాలనిపిస్తే నేను నోరెత్తకూడదు, ఆ విషయం మళ్ళీ అడగనే కూడదు. "పిట్టల్ని చూడ్డానికి అంత దూరం దేనికమ్మాయ్, తోటలో నించుంటే అయ్యే వచ్చి నెత్తిమీద వాలతాయి," అన్నారు ఆయన. అయినా ఒప్పుకున్నారు. సముద్రం చూసి చాలా కాలమైందట.

ఆదివారం పొద్దున్నే నాలుగింటికి బయలుదేరాం. మా ఆయన లోడు వేయించే పనిలో ఉన్నాడు, కాబట్టి కారు నేనే నడిపాను. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్, అక్కడి నుంచి గుడివాడ, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు, ఆ తర్వాత హంసలదీవి. దాదాపు నూట ఇరవై కిలోమీటర్లు. దారిలో ఆగకుండా వెళ్తే మూడు గంటలు పడుతుంది. ఆగకుండా ఎవరు వెళ్తారు లెండి. బస్సులో రావాలనుకునే వాళ్ళు అవనిగడ్డ దాకా వచ్చేస్తే అక్కడి నుంచి కోడూరుకు బస్సులూ ఆటోలూ ఉంటాయి. కానీ పక్షులు కావాలంటే ఎండ ముదరక ముందే చేరాలి, మొదటి బస్సును నమ్ముకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ముందు రోజు రాత్రికే అవనిగడ్డలో దిగిపోవడం మంచిది.

వేసవిలో నూజివీడు మనిషి ఎక్కడికెళ్ళినా డిక్కీలో రసాలు లేకుండా కదలడు. మావయ్యగారు గడ్డిలో మగ్గేసిన చిన్నరసాలు ఒక బుట్టెడు ఎక్కించారు. కారంతా ఆ వాసనే. గుడివాడ దాటేసరికి తెల్లవారింది. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు, గట్ల మీద వరసగా కొంగలు, మధ్యలో ఒక గూడబాతుల గుంపు. చెరువుల పైన పిట్టలు దిగకుండా అడ్డంగా తాళ్ళు లాగి కట్టారు. ఒక గట్టు మీద ఎవరో ఔటు కాల్చారు, ధనామని. కొంగలన్నీ లేచి పక్క చెరువుకి పోయాయి. మావయ్యగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా అమ్మాయ్! వీళ్ళూ మనలాంటోళ్ళే," అన్నారు. నేను గేరు మార్చాను.

మోపిదేవిలో రోడ్డు పక్కన పాక హోటల్లో టిఫిన్ చేశాం. పొయ్యి దగ్గర ఉన్నావిడ పెసరట్టు వేస్తూ, "ఎంతవరకండీ ప్రయాణం?" అని అడిగింది.

"మా కోడలు పిట్టల్ని చూపిత్తానంటే వచ్చానమ్మా," అన్నారు మావయ్యగారు. ఆ చెప్పిన తీరు చూస్తే నేనేదో ఆయన్ని కిడ్నాప్ చేసి తీసుకొచ్చినట్టుంది.

ఆవిడ నవ్వి, "చూడండి బాబాయ్‌గారూ, మంచిదే. మా ఆయన నన్ను పక్క వీధికి కూడా తీస్కెళ్ళడు," అంది. ఆయనకు ఆ మాట నచ్చింది. కారు దగ్గరకెళ్ళి ఆరు రసాలు తెచ్చి పెసరట్ల పళ్ళెం పక్కన పెట్టారు. ఆవిడ అల్లం పచ్చడి ఇంకో గరిటెడు వేసింది. ఇద్దరికీ కలిపి నూట ఇరవై అయింది, కడుపు నిండింది.

హంసలదీవి దాటాక పాలకాయతిప్ప వైపు వెళ్ళే దారిలో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. ఎక్కడిదాకా వెళ్ళొచ్చో అక్కడ అడిగాకే ముందుకెళ్ళండి, వేసవిలో గుడ్లు పెట్టే తిన్నెల మీద కాలు పెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. పడవలోంచే చూడాలి. నేను ముందే ఫోన్లో మాట్లాడుకున్న పడవాయన పేరు ఏడుకొండలు. రేవు దగ్గర లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం గంట. మూడు గంటలు తిప్పడానికి పన్నెండు వందలు మాట్లాడుకున్నాం. మావయ్యగారు రసాల బుట్ట కూడా పడవలోకి ఎక్కించారు. మీరు నలుగురైదుగురు కలిసి వెళ్తే మనిషికి ఏమంత పడదు.

మడ అడవి మధ్యలోంచి వెళ్తుంటే ప్రాణం లేచొచ్చింది. పోటు దిగుతున్న వేళ. బురదలో ఎర్రపీతలు పెద్ద పంజా ఊపుకుంటూ తిరుగుతున్నాయి. తలమీద నల్లటి రంగున్న లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీద నుంచి నీలంగా దూకి, చేపతో పైకి లేచింది. రెక్కలు ఇటుక రంగు, తల తెలుపు, గరుడపక్షి మా నెత్తిమీదే ఒక చుట్టు తిరిగింది. దానికి మాత్రం మావయ్యగారు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఒక బురద మెట్ట మీద ఉల్లంకి పిట్టలు కొన్ని మిగిలి ఉన్నాయి. చలికాలమంతా బూడిద రంగులో తిరిగిన ఆ పిట్టలు ఇప్పుడు రొమ్ము దగ్గర ఎర్రబడ్డాయి. ఇవాళో రేపో లేచి ఉత్తరాన మంచు దేశాలకు వెళ్ళిపోతాయి, అక్కడే గుడ్లు పెడతాయి అని చెప్పాను.

"అంత దూరం ఎగురుతయ్యా ఈ వేలెడంతవి?" అన్నారు మావయ్యగారు. ఆయన గొంతులో కొంచెం ఆసక్తి వినపడింది. నాకు లోపల డప్పులు మోగాయి. పుల్లమ్మ చెట్టు దక్కినట్టే అనుకున్నాను.

నది వెడల్పైంది. ఎదురుగా సముద్రం కనిపించింది, తెల్లటి నురుగు గీతతో. కుడివైపు పొడుగాటి ఇసుక తిన్నె. ఏడుకొండలు ఇంజన్ ఆపేసి గెడ అందుకున్నాడు. "ఇక్కడ్నించి మాటలు మెల్లగా అండి. తెల్లపిట్టలు గుడ్ల మీదున్నాయి," అన్నాడు. బైనాక్యులర్స్ పెట్టుకుని చూశాను. ముందు ఇసుకే కనిపించింది. తర్వాత ఇసుకలో ఒక నల్లటోపీ కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుంటే చూస్తుంటే తిన్నె నిండా నల్లటోపీలే! నోరు వెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళ కోరిక, అంత దగ్గరగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నవ్వుకోకండి. పక్కకు తిరిగి రెండో బైనాక్యులర్స్ మావయ్యగారి చేతికిచ్చాను.

ఇక్కడే కొంప మునిగింది. సముద్రం మీద వేటకెళ్ళిన టెర్న్‌లు ముప్పైదాకా ఒక్కసారిగా తిరిగొచ్చాయి. కిచకిచమంటూ గుంపుగా గాల్లో తిరిగి, తిన్నె మీదికి ఏటవాలుగా దిగడం మొదలుపెట్టాయి. ఏళ్ళ తరబడి చెట్ల మీదికి గుంపులు దిగుతుంటే చూసిన మనిషి మావయ్యగారు. ఆ చేతులు ఊరుకుంటాయా! బైనాక్యులర్స్ మెడలో వదిలేశారు, పడవలో లేచి నిలబడ్డారు, "హోయ్! హోయ్! హోయ్! హా...!" అని అరుస్తూ రెండు చేతులూ జోడించి కొట్టారు. ఠాప్, ఠాప్, ఠాప్. పడవ అటూ ఇటూ ఊగింది. తిన్నె మొత్తం ఆకాశంలోకి లేచిపోయింది.

"ఏంటండీ పెద్దాయనా! ఏం పనండీ అది!" ఏడుకొండలు గెడ వదిలేసినంత పని చేశాడు. "ఎండ చూశారా ఎట్టా ఉందో! తల్లి లేస్తే ఆ ఇసకలో గుడ్లు ఉడికిపోతాయండీ!"

మావయ్యగారు చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయారు. అప్పటికిగాని ఆయనకు తనేం చేశారో తెలిసినట్టు లేదు. "నేను కొట్టలేదయ్యా... చేతులే కొట్టినై," అన్నారు మెల్లగా. ఇంకో రోజైతే ఆ మాటకి పడీపడీ నవ్వేదాన్ని. ఆ నిమిషాన నాకు ఒళ్ళంతా కోపం. ఇసుక మీద ఒక్క పిట్ట లేదు, గుడ్లు ఎండకు పరిచి ఉన్నాయి. దానికి తోడు, సోమవారం రాంబాబు రంపం పుల్లమ్మ చెట్టు మొదట్లో దిగుతున్నట్టు కళ్ళ ముందు కనపడింది. ఈయన పిట్టల్ని చూడ్డానికి వచ్చి పిట్టల్ని తోలిన మనిషి, ఈయనకు ఏం చూపిస్తాను ఇంక?

"మనం ఎనక్కి పోతేనే అయి దిగేది," అన్నాడు ఏడుకొండలు. పడవను గబగబా వెనక్కి నడిపించి, మడ చెట్ల నీడలో ఒక మూలకి చేర్చాడు. అక్కడి నుంచి తిన్నె అంచు బైనాక్యులర్స్‌లో స్పష్టంగానే కనపడుతోంది. మావయ్యగారు కాసేపటికి బుట్ట తన వైపు లాక్కున్నారు. కుడి చేతిలో ఒక రసం, ఎడమ చేతిలో ఒక రసం పట్టుకున్నారు. ఆకలేస్తోందేమో అనుకున్నాను.

"ఇయ్యి చేతిలో ఉంటే కొట్టలేనుగా," అన్నారు నా వైపు చూడకుండా.

నాకున్న కోపమంతా ఎటుపోయిందో పోయింది. ఏడుకొండలు కూడా మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు. ఆయన ఒక కాయ తొడిమ దగ్గర కొరికి, పిండుకుంటూ తినడం మొదలుపెట్టారు. రసం మోచేతి దాకా కారుతోంది. రెండో చేతిలో కాయ మాత్రం వదల్లేదు.

అవి దిగాయి. ఒక్కొక్కటే వచ్చి తన గుంట వెతుక్కుని సర్దుకుంది. ఆ కాసేపటికే ఇసుక కాలిపోతూ ఉంటుంది, గాలి కూడా వేడెక్కింది. మాకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పిట్ట ఒకటి గుడ్ల దగ్గర వాలీ వాలకుండానే మళ్ళీ లేచి నీళ్ళ మీదికి వెళ్ళింది. నీళ్ళను తాకీ తాకనట్టు ఎగురుతూ పొట్ట ముంచింది, మళ్ళీ ముంచింది. వెనక్కొచ్చి తడిసిన పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. కాసేపు ఉండి మళ్ళీ లేచింది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ గుడ్లు. దీని గురించి చదివాను, చూడటం ఇదే మొదటిసారి. ఇది మావయ్యగారికి చూపించకపోతే ఇంకేం చూపించినా ఒకటే అనిపించింది. ఆయన చేతులేమో రసంతో జిడ్డు. దాంతో నేనే జరిగి వెళ్ళి బైనాక్యులర్స్ ఆయన కళ్ళకు పెట్టి పట్టుకున్నాను. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా మావయ్యగారికి అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. ఆయనా మొహమాటపడి బిగుసుకుపోయారు. తర్వాత పిట్ట కనిపించినట్టుంది, మొహమాటం మర్చిపోయారు.

"అదేంటమ్మాయ్, నీళ్ళలో పొట్ట ముంచి లేస్తంది? తానం చేస్తందా?"

"కాదు మావయ్యగారూ. ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడికి గుడ్లు చల్లబడతాయి. ఆరిపోగానే మళ్ళీ వెళ్తుంది."

పిట్ట వెళ్ళింది, వచ్చింది. వెళ్ళింది, వచ్చింది. నా చేతులు నొప్పి పుట్టాయిగాని దించబుద్ధి కాలేదు. ఎడమ చేతిలో కాయ మీద ఆయన వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

"నీళ్ళు మోస్తంది," అన్నారు చివరికి. "నీళ్ళు మోస్తందమ్మాయ్ ఇది."

తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు, తిన్నె మీంచి చూపు తిప్పకుండా. తోట వేసిన మొదటి వేసవిలో బోరు లేదట. ఆయనా అత్తయ్యా కిలోమీటరు దూరం నుంచి బిందెలతో నీళ్ళు మోసి అంటు మొక్కలకు పోసేవాళ్ళట. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయేవట. మొక్కల మీద తడిగోనెలు కప్పేవారట. ఒకరోజు గోనెలు చాలక అత్తయ్య తన పాత చీర చింపి, తడిపి, మిగిలిన మొక్కల మీద పరిచిందట. "సాయంత్రానికి మళ్ళా తడపాల. ఆరిపోద్దిగా," అన్నారు. ఇరవై ఏళ్ళలో ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మాకు తోటంటే కాయ, కోత, లోడు, రేటు. దాని మీద చీర కప్పిన రోజు కూడా ఒకటుందని ఏడుకొండలు పడవలో కూర్చున్నాక తెలిసింది.

పదకొండు దాటేసరికి ఎండ భరించలేనంత అయ్యి, రేవుకు తిరిగొచ్చాం. దిగేటప్పుడు మావయ్యగారు, "గుడ్లు పిల్లలవ్వడానికి ఎన్నాళ్ళు పడద్ది?" అని ఏడుకొండల్ని అడిగారు.

"మూడు వారాలంటారండి. ఇయి పెట్టి కొన్నాళ్ళయింది, తొందర్లోనే అవుతయ్యి."

"అయితే నాకు ఫోన్ చెయ్యి. నంబరు రాసుకో. నా వల్ల ఒక్కటి పాడైనా నాకు చెప్పాల, దాచొద్దు." మిగిలిన రసాలు బుట్టతో సహా అతని పడవలోనే వదిలేశారు. ఏడుకొండలు వద్దంటున్నా వినలేదు. పొద్దున తిట్టిన మనిషి సిగ్గుపడిపోయి, కారు దాకా వచ్చి డోరు తీశాడు.

తిరుగు ప్రయాణంలో అవనిగడ్డలో భోజనం చేశాం. మనిషికి వంద, చేపల పులుసు అదనం. ఎంత బాగుందంటే మావయ్యగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఆయన సముద్రం గురించి మాట్లాడారు, ఉల్లంకి పిట్టలకు దారి ఎలా తెలుస్తుందని అడిగారు, రేటు పడిపోతోందని బాధపడ్డారు. చెట్టు మాట మాత్రం ఎత్తలేదు. నేనేమో అడగకూడదు, ఒప్పందం. నాలుక చివరిదాకా వచ్చిన మాటను గుడివాడలో ఒకసారి, హనుమాన్ జంక్షన్‌లో ఒకసారి మింగాను. ఇంటికి చేరగానే అత్తయ్య నన్ను వంటింట్లోకి లాగి, "ఏమన్నారు?" అంది. తెలీదన్నాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సోమవారం పొద్దున్నే తోటకెళ్ళాను. నోరెత్తకూడదు కానీ చూడకూడదని ఎవరూ అనలేదుగా. రాంబాబు రంపం మెషీను భుజాన వేసుకుని పుల్లమ్మ చెట్టు కింద నిలబడి ఉన్నాడు. మావయ్యగారు తొర్ర కిందే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఆ షెడ్డు మీదికి వాలిన ఎండుకొమ్మ ఉంది చూడు, అది తీసెయ్. మెషీను పెట్టకు, మోత. చేతిరంపంతో కొయ్యి. తొర్ర జోలికెళ్ళావంటే ఊరుకోను," అంటున్నారు.

రాంబాబు తెల్లమొహం వేశాడు. "అదేంటి బాబాయ్‌గారూ, మొన్న మొదలంటా లేపెయ్యమన్నారుగా?"

"మొన్న నేను నీళ్ళు మోసే పిట్టని చూళ్ళేదురా," అన్నారు మావయ్యగారు.

రాంబాబుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు మాత్రం అక్కడికక్కడే గెంతులేయాలనిపించింది. కోడల్ని కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. అత్తయ్యకు ఫోన్ చేసి చెప్తే, "నా ఆవకాయ చెట్టు దక్కింది!" అని అటునుంచి పెద్దగా అరిచింది. అంటే ఆవిడ కూడా నెల రోజులూ నా పక్షమేనన్న మాట, గడుసు మనిషి!

మా మావయ్యగారు ఒక్కరోజులో మారిపోయారని నేను చెప్పను. మిగతా తోటంతా డబ్బా మోత మామూలే, ముక్కుపడ్డ కాయ చూస్తే చిలక జాతి మొత్తాన్ని తిట్టడమూ మామూలే. ఆయన కష్టం ఆయనది, చిలకల ఆకలి చిలకలది. పక్షుల్ని చూడటమంటే ఇన్నాళ్ళూ నేను కొత్త పక్షి పేరు ఒకటి చేర్చుకోవడం అనుకున్నాను. ఆ ఆదివారం నాకు చిన్న టెర్న్ కనిపించింది, సంతోషమే. దానికంటే ఎక్కువగా, ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి కనిపించారు. నది సముద్రంలో కలిసేచోటుకు వెళ్తే ఏదో ఒకటి కలుస్తుందన్న మాట. వారం తిరక్కుండానే ఏడుకొండలు ఫోన్ చేశాడు, పిల్లలు ఇసుక రంగులో ఉండి కనపడి చావడం లేదు, కాళ్ళు మాత్రం పరుగే పరుగు అని. మావయ్యగారు స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించారు.

ఇక వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. నీళ్ళ సీసా, టోపీ, బైనాక్యులర్స్ సంగతి మీకు తెలిసిందే. ఫోను మాత్రం సైలెంట్‌లో పెట్టుకోండి. ఇది నా అనుభవం మీద చెప్తున్నాను. నిన్న సాయంత్రం పుల్లమ్మ చెట్టు కింద నిలబడి తొర్రలోంచి తొంగిచూస్తున్న చిలక పిల్లల్ని చూస్తుండగా నా ఫోను గట్టిగా మోగింది. పిల్లలు చటుక్కున లోపలికి పోయాయి. గట్టు అవతల నుంచి మావయ్యగారు డబ్బా చంకలో పెట్టుకుని, కాళ్ళ కింద ఆకు చప్పుడు కాకుండా నా దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి తిట్టారు.

"మెల్లగా ఉండొద్దా అమ్మాయ్? పిల్లలు భయపడవూ!"